ఫెరైట్ 47 శాతం వచ్చినా డూప్లెక్స్ వెల్డ్ రూట్‌లో గుంటలెందుకు పడ్డాయి?

మీరు అడిగింది ఇదీ: అంబత్తూరులో పైపు స్పూళ్లు (ముందే వెల్డ్ చేసి సిద్ధం చేసే పైపు భాగాలు) చేసే షాపులో మీరు క్యూసీ చూస్తున్నారు. 6 అంగుళాల షెడ్యూల్ 40 పైపు, మెటల్ 2205 డూప్లెక్స్ (ఫెరైట్, ఆస్టెనైట్ అనే రెండు నిర్మాణాలు, అంటే ఫేజ్‌లు, కలిసి ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్), గోడ మందం 7.11 మిల్లీమీటర్లు. అన్ని పాసులూ (వెల్డ్ పొరలూ) టిగ్ (టంగ్‌స్టన్ ఆర్క్ వెల్డింగ్), ఫిల్లర్ (కరిగించి పోసే తీగ) ఈఆర్ 2209, టార్చికీ, పర్జింగుకీ (పైపు లోపలి గాలిని తరమడానికి గ్యాస్ నింపడానికీ) ప్యూర్ ఆర్గాన్. పీక్యూఆర్ (వెల్డింగ్ పద్ధతి పనికొస్తుందని నిరూపించే రికార్డు) కోసం వేసిన నమూనా వెల్డ్, అంటే కూపన్‌లో ఫెరైట్ 47 శాతం వచ్చింది. హార్డ్‌నెస్ పాస్, మైనస్ 40 డిగ్రీల చార్పీ (దెబ్బకి లోహం ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) కూడా పాస్. తీరా ఏఎస్‌టీఎం జీ48 ఏ పద్ధతిలో, 22 డిగ్రీల ఫెర్రిక్ క్లోరైడ్‌లో 24 గంటలు ఉంచి తీస్తే రూట్ (పైపు లోపలి వైపుండే మొదటి పొర) వైపు గుంటలు పడ్డాయి. కన్సల్టెంట్ హీట్ ఇన్‌పుట్ (వెల్డ్ పొడవులో ఒక్కో మిల్లీమీటరుకి అందే వేడి) తగ్గించమంటున్నారు, ప్రొడక్షన్ మేనేజర్ పెంచమంటున్నారు. ఇదే పద్ధతిలో కొన్ని జాయింట్లు ఇప్పటికే వేసేశారు కాబట్టి వాటి సంగతేమిటన్నది మీ రెండో ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. మొత్తం హీట్ ఇన్‌పుట్‌ను ఇప్పుడే కదిలించకండి. టార్చి గ్యాస్‌ను ఆర్గాన్‌లో 2 శాతం నైట్రోజన్ కలిపినదానికి మార్చండి. పర్జింగుకి నైట్రోజన్ వాడండి. రెండో పాస్‌ను రూట్ పాస్ కంటే తక్కువ వేడితో వేయించండి. పర్జ్ బయటికొచ్చే చోట ఆక్సిజన్ మీటర్ పెట్టండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఈ నాలుగింటి వైపే చూపిస్తున్నాయి.

ఇక కారణాలు. ఫెరైట్ శాతం ఒక్కటి చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది 30కీ 65కీ మధ్య ఉంటే వెల్డ్ బాగున్నట్టే అనుకుంటారు. కానీ ఆ అంకె రెండు ఫేజ్‌ల వాటా ఎంతో మాత్రమే చెప్తుంది. ఒక్కో ఫేజ్ లోపల ఏముందో చెప్పదు. ఫెర్రిక్ క్లోరైడ్ వెతికేది మాత్రం ఆ లోపలి సరుకునే.

2205 వెల్డ్ మెటల్ గడ్డకట్టేటప్పుడు దాదాపు పూర్తిగా ఫెరైట్‌గానే గడ్డకడుతుంది. ఆస్టెనైట్ పుట్టేది ఆ తర్వాతే. లోహం ఘనరూపంలో చల్లారుతుండగా, సుమారు 1300 డిగ్రీల దిగువ నుంచి, ముందు ఫెరైట్ గ్రెయిన్ల (స్ఫటిక రేణువుల) అంచుల వెంబడి, తర్వాత ఆ అంచుల నుంచి సూదుల్లా లోపలికి, చివరికి గ్రెయిన్ల మధ్యలో చిన్నచిన్న ద్వీపాలుగా ఏర్పడుతుంది. దీనికి 1200 నుంచి 800 డిగ్రీల మధ్య కొంత సమయం దొరకాలి. వెల్డింగులో ఆ సమయం సెకన్లలో ఉంటుంది. అందుకే ఫిల్లర్‌లో నికెల్ పెంచుతారు. 2205 పైపులో నికెల్ 5, 6 శాతం ఉంటే ఈఆర్ 2209లో 9 శాతం దాకా ఉంటుంది. ఆ అదనపు నికెల్ వల్లే తక్కువ సమయంలోనూ చాలినంత ఆస్టెనైట్ వస్తుంది.

మీ కూపన్‌ను అర్థం చేసుకునే తాళంచెవి ఇక్కడే ఉంది. పిట్టింగ్‌ను (గుంటల తుప్పును) తట్టుకునే శక్తిని అంచనా వేసే ప్రెన్ సూత్రం చూడండి: క్రోమియం శాతం, దానికి మాలిబ్డినం 3.3 రెట్లు, నైట్రోజన్ 16 రెట్లు కలపాలి. అందులో నికెల్ లేదు. ఫెరైట్ శాతాన్ని అదుపులో ఉంచేది ఫిల్లర్‌లోని నికెల్, గుంటల నుంచి కాపాడేవాటిలో ముఖ్యమైనది నైట్రోజన్. వెల్డ్ పూల్ (కరిగిన లోహపు మడుగు) నుంచి కొంత నైట్రోజన్ ఆవిరై పోయినా, నికెల్ పుణ్యమా అని ఫెరైట్ శాతం పెద్దగా చెక్కుచెదరదు. పరీక్షకి పంపేదాకా ఆ నష్టం మీ కంటికి కనబడదు.

నష్టం ఎంతుంటుందో చిన్న లెక్క వేసి చూద్దాం. వెల్డ్ మెటల్‌లో నైట్రోజన్ 0.16 శాతం ఉందనుకోండి, రెండు ఫేజ్‌లూ సగం సగం ఉన్నాయనుకోండి. ఫెరైట్ నైట్రోజన్‌ను ఎక్కువగా ఇముడ్చుకోలేదు, లెక్క కోసం 0.05 తీసుకుందాం. మిగతాదంతా ఆస్టెనైట్‌లో చేరితే అక్కడ 0.27 ఉంటుంది. ఇప్పుడు ప్యూర్ ఆర్గాన్‌లో టిగ్ చేయడం వల్ల మొత్తం నైట్రోజన్ 0.10కి పడిపోయిందనుకుందాం. ఆస్టెనైట్‌లో 0.15 మిగులుతుంది. తేడా 0.12, దాన్ని 16తో గుణిస్తే 1.9. మొత్తం వెల్డ్ మీద లెక్కేస్తే ప్రెన్ ఒక్క పాయింటే తగ్గినట్టు కనిపిస్తుంది, ఆస్టెనైట్‌లో మాత్రం దాదాపు రెండు పాయింట్లు పోయాయి. తుప్పు సగటును చూసి రాదు, అన్నిటికంటే బలహీనమైన చోటు చూసుకుని మొదలుపెడుతుంది.

ప్యూర్ ఆర్గాన్‌లో నైట్రోజన్ ఎందుకు పోతుందంటే, పూల్ పైనున్న గ్యాస్‌లో నైట్రోజన్ బొత్తిగా లేదు కాబట్టి పూల్ లోపలిది బయటికి వచ్చేస్తుంది. రూట్ పాస్‌కి రెండు వైపులా ఆర్గానే కాబట్టి రెండు వైపుల నుంచీ పోతుంది. పైగా పైపులో ద్రవం తాకేది రూట్‌నే. ఆర్గాన్‌లో 2 శాతం నైట్రోజన్ కలిపితే ఈ నష్టం చాలావరకు పూడుతుంది. పోనీ ఇంకా ఎక్కువ కలిపితే మంచిదేగా అని అడిగేవాళ్లుంటారు. శాతం పెరిగేకొద్దీ టంగ్‌స్టన్ మొన త్వరగా అరిగిపోతుంది, ఆర్క్ చిటపటలాడుతుంది, వెల్డ్‌లో పొరాసిటీ (గ్యాస్ రంధ్రాలు) వస్తుంది. 2 శాతం దగ్గర కూడా వెల్డర్ మామూలు కంటే ఎక్కువసార్లు టంగ్‌స్టన్ సానపట్టుకోవాలి. ఇది వాళ్లకి ముందే చెప్పండి. లేకపోతే మా షాపులో శ్రీకాకుళం కుర్రాళ్లు మొదట్లో చేసినట్టే సిలిండర్ బాగాలేదని పక్కనపెట్టి మళ్లీ ప్యూర్ ఆర్గాన్ తగిలించేస్తారు. టార్చి గ్యాస్‌లో హైడ్రోజన్ కలిసిన మిశ్రమాలను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఫెరైట్ ఉన్న వెల్డ్‌లో హైడ్రోజన్ పగుళ్లకి దారితీస్తుంది.

ఒక జాగ్రత్త. టిగ్‌లో షీల్డింగ్ గ్యాస్ మిశ్రమం మారిస్తే ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం అది ఎసెన్షియల్ వేరియబుల్, కాబట్టి కొత్త పీక్యూఆర్ చేయాలి. మీది ఎలాగూ మళ్లీ చేయాల్సిందే కనుక అన్ని మార్పులూ ఒకే కూపన్‌లో పెట్టుకోండి. పర్జింగ్ గ్యాస్ విషయంలో క్లయింట్ స్పెసిఫికేషన్ ఒకసారి చదవండి. కొందరు ప్యూర్ నైట్రోజన్‌ను ఒప్పుకుంటారు, కొందరు పర్జ్‌కి కూడా ఆర్గాన్, నైట్రోజన్ మిశ్రమమే కావాలంటారు.

ఇప్పుడు రెండో పాస్. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన పాస్ రికార్డు చూశాను. రూట్‌కి 11 వోల్టులు, 110 ఆంపియర్లు, నిమిషానికి 60 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 1.21 కిలోజౌళ్లు. రెండో పాస్‌కి 12 వోల్టులు, 150 ఆంపియర్లు, నిమిషానికి 70 మిల్లీమీటర్లు, అంటే 1.54. విడివిడిగా చూస్తే రెండూ తప్పు కాదు. 2205కి మామూలుగా చెప్పే 0.5 నుంచి 2.5 పరిధిలోనే ఉన్నాయి. చిక్కల్లా వాటి వరుసలో ఉంది. కార్బన్ స్టీల్‌కి అలవాటుపడ్డ వెల్డర్ రూట్‌ని జాగ్రత్తగా వేసి, ఆ తర్వాత హాట్ పాస్ అని కరెంటు పెంచి గట్టిగా వేస్తాడు. కార్బన్ స్టీల్‌లో అది మంచి అలవాటే. డూప్లెక్స్‌లో ఆ వేడి, పలచగా ఉన్న రూట్ లోపలి ముఖం దాకా దిగి దాన్ని మళ్లీ కాలుస్తుంది.

అలా మళ్లీ కాలినప్పుడు మిగిలివున్న ఫెరైట్‌లో కొత్తగా సన్నటి ఆస్టెనైట్ పుడుతుంది. దీన్ని సెకండరీ ఆస్టెనైట్ అంటారు. ఇది తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, అప్పటికే నైట్రోజన్ తరిగిపోయిన ఫెరైట్ నుంచి పుడుతుంది కాబట్టి మొదటి ఆస్టెనైట్‌తో పోలిస్తే దీనిలో నైట్రోజన్ తక్కువ, క్రోమియం, మాలిబ్డినం కూడా తక్కువే. పిట్టింగ్ మొదలవడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. ఇంకో సంగతి, ఈ సెకండరీ ఆస్టెనైట్ పుడితే ఫెరైట్ శాతం తగ్గుతుంది. చదివేవాళ్లకి 55 ఉన్నది 47కి వచ్చింది, ఇంకా బాగుపడిందనిపిస్తుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మొదటి ఆస్టెనైట్ వెడల్పుగా, నున్నటి అంచులతో ఉంటుంది. దాని పక్కనా, ఫెరైట్ గ్రెయిన్ల లోపలా పొడి చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు, సన్నని సూదులు గుంపుగా కనిపిస్తే అవే. మీ ల్యాబ్‌ను రూట్ లోపలి ముఖం నుంచి మొదటి రెండు మిల్లీమీటర్ల ఫోటోలు, ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో అడగండి. సాధారణంగా ల్యాబ్‌లు వెల్డ్ మధ్యలో ఒకటి, హాజ్‌లో (వెల్డ్ పక్కన వేడికి మారిన పైపు లోహంలో) ఒకటి తీసి పంపేస్తాయి.

అందుకే డూప్లెక్స్‌లో రెండో పాస్‌ని కోల్డ్ పాస్ అంటారు. రూట్‌ని కొంచెం దిట్టంగా, మందంగా వేయాలి. రెండోదాన్ని రూట్ హీట్ ఇన్‌పుట్‌లో సుమారు 75 నుంచి 80 శాతంతో వేయాలి. మీ లెక్కలోనే చెప్తాను: 11 వోల్టులు, 120 ఆంపియర్లు, నిమిషానికి 85 మిల్లీమీటర్లు పెడితే 0.93 కిలోజౌళ్లు వస్తుంది, రూట్‌లో 77 శాతం. గమనించండి, కరెంటు రూట్ కంటే ఎక్కువే ఉంది, వేగం పెరగడం వల్ల వేడి తగ్గింది. ఆంపియర్లు మాత్రమే రాసిన డబ్ల్యూపీఎస్‌తో (వెల్డర్ పాటించాల్సిన పద్ధతి పత్రంతో) ఈ పని కాదు. వెల్డర్ పక్కన స్టాప్‌వాచీతో ఒకరు నిలబడాలి. మూడో పాస్ నుంచి మళ్లీ మామూలు వేడికి వెళ్లొచ్చు, అప్పటికి రూట్ మీద చాలినంత మందం ఉంటుంది.

రూట్ దిట్టంగా రావాలంటే గ్యాప్ కావాలి. 2209 పూల్ 316ఎల్ (మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్) పూల్‌లా చురుగ్గా పారదు, కాస్త మొండిగా ఉంటుంది. గ్యాప్ సుమారు 3 మిల్లీమీటర్లు ఇచ్చి, ఫిల్లర్‌ను ధారాళంగా పోయించండి. గ్యాప్ తక్కువైతే వెల్డర్ ఫిల్లర్ తగ్గించి పైపు అంచుల్నే కరిగించి కలిపేస్తాడు. అప్పుడు 9 శాతం నికెల్ రావాల్సిన చోట పైపులోని 5, 6 శాతమే ఎక్కువగా వస్తుంది, ఫెరైట్ పెరిగిపోతుంది. ఫిల్లర్ లేకుండా కరిగించి అందంగా కనబడేలా చేసే వాష్ పాస్‌లు డూప్లెక్స్‌లో వద్దేవద్దు. పైపు మీద ఆర్క్ తగిలిన మచ్చలు కూడా అంతే. అవి క్షణంలో చల్లారి దాదాపు పూర్తి ఫెరైట్‌గా మిగిలిపోతాయి, వాటిని గ్రైండ్ చేసి తీసేయాల్సిందే.

రూట్ రంగు. మీరు ఫోటో పెట్టలేదు కానీ, రూట్ పక్కన హాజ్ మీద ముదురు నీలం గానీ గోధుమ గానీ ఉంటే గుంటలకి అదొక్కటే చాలు. ఆ రంగు ఆక్సైడ్ పొరది. ఆ పొర పెరగడానికి క్రోమియాన్ని లోహం పైభాగం నుంచే లాక్కుంటుంది కాబట్టి దాని కింద క్రోమియం తగ్గిన సన్నటి పొర మిగులుతుంది. లేత గడ్డి రంగు వరకు చాలామంది ఒప్పుకుంటారు. పర్జ్‌లో ఆక్సిజన్ 50 పీపీఎమ్ లోపు ఉంటే రంగు ఆ మాత్రంలోనే ఆగుతుంది. అగ్గిపుల్ల ఆరిపోయింది కాబట్టి ఆక్సిజన్ లేదనుకునే పద్ధతి ఇంకా కొన్ని షాపుల్లో చూస్తున్నాను. ఆక్సిజన్ 10 శాతం పైన ఉన్నా అగ్గిపుల్ల ఆరిపోతుంది, మనకి కావల్సింది పీపీఎమ్‌లలో. మీటర్ తప్పదు.

ట్యాక్‌లు (పైపుల్ని జతగా నిలబెట్టే చిన్న వెల్డ్‌లు) వేసేటప్పుడు కూడా పర్జ్ ఉండాలి. దీన్ని మరిచిపోయే షాపులు చాలా ఉన్నాయి. అలాగే రూట్ అయిపోయిందని పర్జ్ ఆపేయకూడదు. 6 మిల్లీమీటర్ల మందం పడేవరకు ఉంచండి. మీ పైపు 7.11 కాబట్టి క్యాపింగ్ (పై చివరి పొర) దాకా ఉంచినట్టే లెక్క. గ్యాస్ ఖర్చు గురించి మేనేజర్ అడుగుతారు. ఒక్క జాయింట్ కోసి మళ్లీ వేయడానికయ్యే ఖర్చు పక్కన పెట్టి చూపించండి, మాట్లాడరు.

ఇక మీ కన్సల్టెంట్, మేనేజర్ గారి వాదన. ఇద్దరి భయాలకీ ఆధారం ఉంది, మీ కూపన్‌కి మాత్రం అవి ముఖ్యం కాదు. హీట్ ఇన్‌పుట్ ఎక్కువై, ఇంటర్‌పాస్ వేడి (తర్వాతి పాస్ మొదలుపెట్టేటప్పుడు జాయింట్‌లో ఉండే వేడి) ఎక్కువై, లోహం 600 నుంచి 1000 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే సిగ్మా ఫేజ్ పుడుతుంది. క్రోమియం, మాలిబ్డినాన్ని పీల్చేసుకుని చుట్టుపక్కల ఖాళీ చేస్తుంది, వెల్డ్‌ను పెళుసుగా మారుస్తుంది. కన్సల్టెంట్ భయం ఇదే. కానీ సిగ్మా కొద్దిగా పుట్టినా ముందు పడిపోయేది చార్పీ. ఏఎస్‌టీఎం ఏ923 బి పద్ధతిలో మైనస్ 40 దగ్గర వెల్డ్ మెటల్‌కి 34 జౌళ్లు, బేస్ మెటల్‌కి, హాజ్‌కి 54 జౌళ్లు అడగడం వెనక ఉద్దేశం అదే. నోచ్ (ముక్కలో కోసే గాడి) రూట్ దగ్గర పెట్టి తీసిన మీ చార్పీ బాగానే వచ్చిందంటే సిగ్మాని అనుమానించాల్సిన పని పెద్దగా లేదు. మేనేజర్ భయం దీనికి రివర్స్. మందం ఎక్కువున్న ప్లేటు మీద వేడి మరీ తక్కువైతే వెల్డ్ వెంటనే చల్లారి ఆస్టెనైట్ పుట్టే వ్యవధి దొరకదు. ఫెరైట్ పెరుగుతుంది, దానిలో ఇమడలేని నైట్రోజన్ క్రోమియం నైట్రైడ్‌లుగా బయటపడుతుంది. 25 మిల్లీమీటర్ల ప్లేటు మీద 0.5 కిలోజౌళ్లతో టిగ్ చేస్తే నేనూ ఆయన పక్షమే. 7 మిల్లీమీటర్ల పైపు మీద 1.2 దగ్గర ఆ బెంగ అక్కర్లేదు.

మేం చేసిన ఒక పాత పని గుర్తొస్తోంది. ఎన్నూరు వైపు ఒక ప్లాంటుకి మేం చేసిన 2205 స్పూళ్లలో సరిగ్గా మీ లక్షణాలే కనిపించాయి. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ హీట్ ఇన్‌పుట్ తగ్గించమని పట్టుబట్టారు. అన్ని పాసులూ తగ్గించి వేసిన కూపన్ మళ్లీ రూట్ దగ్గరే ఫెయిలైంది. ఈసారి గుంటలు చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. ఆ తర్వాత హీట్ ఇన్‌పుట్‌ను పాత చోటికే తెచ్చి, టార్చిలో 2 శాతం నైట్రోజన్, పర్జ్‌లో ప్యూర్ నైట్రోజన్, కోల్డ్ పాస్ పెట్టి వేయించాం. 22 డిగ్రీల దగ్గర ఒక్క గుంట లేదు. కుతూహలం కొద్దీ అదే వెల్డ్ నుంచి ఇంకో ముక్కని 25 దగ్గర పెట్టిస్తే అదీ నిలబడింది. ఫెరైట్ శాతం మాత్రం మూడు కూపన్లలోనూ దగ్గరదగ్గరగానే వచ్చింది.

మెటీరియల్ సర్టిఫికెట్ కూడా తీసి నైట్రోజన్ గడి చూడండి. 2205 అనే పేరు మీద రెండు యూఎన్ఎస్ (లోహ రకాలకిచ్చే ప్రామాణిక) నంబర్లున్నాయి. ఎస్31803లో నైట్రోజన్ 0.08 నుంచి 0.20 వరకు ఉండొచ్చు, ఎస్32205లో 0.14 నుంచి 0.20. కింది అంచున ఉన్న ఎస్31803 పైపు వస్తే మీరు గ్యాస్‌తో ఎంత తంటాలుపడ్డా హాజ్‌ను కాపాడలేరు, ఎందుకంటే హాజ్‌లో ఫిల్లర్ ఉండదు, పైపు ఎలా వచ్చిందో అలాగే కాలుతుంది. మంచి మిల్లుల సరుకు రెండు నంబర్లకీ కలిపే సర్టిఫై అవుతుంది. కొనేటప్పుడు 0.14కి తగ్గకూడదని పర్చేజ్ ఆర్డర్లోనే రాయించండి.

టెస్ట్ ముక్క తయారీని తక్కువ అంచనా వేయకండి. చాలా స్పెసిఫికేషన్లలో గుంటలుండకూడదనే షరతుతో పాటు బరువు నష్టం చదరపు మీటరుకు 4 గ్రాములు దాటకూడదని ఉంటుంది. 25 బై 50 మిల్లీమీటర్ల, 7 మిల్లీమీటర్ల మందం ముక్కకి మొత్తం ఉపరితలం లెక్కేస్తే దాదాపు 0.0036 చదరపు మీటర్లు. అంటే మీకు అనుమతి ఉన్నది కేవలం 14 మిల్లీగ్రాములు. గరుగ్గా వదిలేసిన కోత అంచు ఒక్కటే దాన్ని తినేయగలదు. అంచుల్ని 120 గ్రిట్ దాకా రుద్దించండి, మూలల్ని గుండ్రం చేయించండి. గుంట కోత ముఖం మీద ఉందా, రూట్ ఉపరితలం మీద ఉందా అని ఫోటోతో సహా రాయమనండి. ముక్కను టెస్టుకి ముందు పిక్లింగ్ (ఆమ్లంతో పై పొర తీసేయడం) చేయొచ్చా లేదా అన్నది కూడా స్పెసిఫికేషన్‌ని బట్టి ఉంటుంది. కొన్ని అనుమతిస్తాయి, కొన్ని వెల్డ్ ఎలా ఉందో అలాగే పెట్టమంటాయి. ఫెయిల్ రిపోర్టు వచ్చినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

మన చెన్నైకి సంబంధించి రెండు మాటలు. ఎండాకాలంలో షెడ్డు కిందే 40 డిగ్రీలుంటే ఇంటర్‌పాస్ 150కి దిగడానికి చాలాసేపు పడుతుంది. టార్గెట్ టెన్షన్‌లో వెల్డర్ ఆగడు. కాంటాక్ట్ థర్మామీటర్ చేతికిచ్చి, పాస్ మొదలుపెట్టే ముందు రీడింగ్ రాయించండి. నీళ్లు పోసి చల్లబరచడం నాకిష్టం లేదు, ఇంకో జాయింట్‌కి మారి తిరిగి రమ్మనడమే మేలు. రెండోది హైడ్రోటెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) నీళ్లు. మణలి, ఎన్నూరు, మీంజూరు వైపు బోరు నీళ్లలో ఉప్పెంత ఉంటుందో అక్కడ కాపురమున్న ఎవరినడిగినా చెప్తారు. ఆ నీళ్లతో టెస్ట్ చేసి, నీళ్లు పూర్తిగా వంపేయకుండా, ఆరబెట్టకుండా స్పూళ్లను యార్డులో వారాల తరబడి వదిలేస్తే, రంగు పట్టిన రూట్ దగ్గర ప్లాంటుకి చేరకముందే గుంటలు పడతాయి. అలా పడినవి విప్పి చూశాను. క్లోరైడ్ టెస్ట్ చేసిన నీళ్లు గానీ డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) గానీ వాడండి, అదేరోజు నీళ్లు వంపేసి గాలి ఊదించండి. కార్బన్ స్టీల్ గ్రైండింగ్ జరిగే చోటికి డూప్లెక్స్ స్పూళ్లను రానివ్వకండి. సముద్రపు గాలికి ఆ ఇనుప రజను ఒక్క రాత్రిలో తుప్పు మచ్చలవుతుంది.

ఈఆర్ 2594 (సూపర్ డూప్లెక్స్) ఫిల్లర్‌తో రూట్ వేస్తే ఈ గుంటల సమస్య పోదా అని మరొకరు అడిగారు. పోతుంది, కొందరు అలా చేస్తారు కూడా. క్రోమియం, మాలిబ్డినం, నైట్రోజన్ మూడూ ఎక్కువే కాబట్టి నష్టం పోను మిగిలింది కూడా చాలుతుంది. కానీ ఎలిమెంట్లు ఎంత ఎక్కువైతే సిగ్మా అంత త్వరగా పుడుతుంది. కాబట్టి ఇంటర్‌పాస్‌నీ వేడినీ 2507కి (సూపర్ డూప్లెక్స్ స్టీల్‌కి) పాటించినట్టు పాటించాలి, అంటే ఇంటర్‌పాస్ 100 డిగ్రీల లోపు, హీట్ ఇన్‌పుట్ 1.5 లోపు. గ్యాస్ సరిచేస్తే అయ్యేదానికి ఖరీదైన ఫిల్లర్ ఎందుకన్నది నా అభిప్రాయం. సమయం లేక, క్లయింట్ ఒప్పుకుంటే మాత్రం తప్పుబట్టను.

చివరిగా, ఇప్పటికే వేసేసిన జాయింట్లు. హీట్ ట్రీట్‌మెంట్‌తో సరిచేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 600 డిగ్రీల స్ట్రెస్ రిలీవింగ్ డూప్లెక్స్‌ని పాడుచేస్తుంది. పనికొచ్చేది 1040 డిగ్రీల పైన సొల్యూషన్ ఎనీలింగ్ చేసి వెంటనే నీళ్లలో ముంచడం. స్పూల్ అంతటికీ అది చేస్తే వంకరపోతుంది, ఫ్లేంజ్‌లు పనికిరాకుండా పోతాయి.

ముందు చేయాల్సింది, మిగిలిన పాత కూపన్‌ను రెండు ముక్కలు చేయడం. ఒకదాని రూట్‌ని ఉన్నదున్నట్టు వదలండి. రెండోదాన్ని నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమంతో పూర్తిగా పిక్లింగ్ చేయించి, బాగా కడిగించి, కనీసం ఒక రోజు గాలికి వదలండి. రెండింటినీ ఒకే ల్యాబ్‌లో ఒకే ఉష్ణోగ్రతకి పెట్టించండి. పిక్లింగ్ చేసినది పాసై, చేయనిది ఫెయిలైతే నేరం రూట్ రంగుది. అప్పుడు స్పూళ్ల లోపలికి పిక్లింగ్ ద్రావణం నింపి తిప్పించి, కడిగించి కాపాడుకోవచ్చు. దీనికి క్లయింట్ లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే ప్రాణం మీదికొచ్చే ప్రమాదం కాబట్టి ఆ పని అలవాటున్న ఏజెన్సీకే ఇవ్వండి. రెండూ ఫెయిలైతే లోపం లోహంలోనే ఉంది, పోయిన నైట్రోజన్‌ను పిక్లింగ్ తిరిగి తీసుకురాలేదు. ఆ జాయింట్లని హాజ్‌తో సహా కోసేసి కొత్త పద్ధతిలో వేయాల్సిందే. ఉన్న వెల్డ్‌ను లోపలికి గ్రైండ్ చేసి పైనుంచి రిపేర్ చేయించకండి, రూట్ మరోసారి కాలుతుంది. కొత్త పొడవులు సరిపోక స్పూల్ కొలతలు తగ్గితే చిన్న పప్ ముక్క (పొట్టి పైపు ముక్క) చేర్చాలి, దాని హీట్ నంబర్‌కి (మిల్లు పోత నంబరుకి) సర్టిఫికెట్‌లో ఉన్న నైట్రోజన్ కూడా చూసుకోండి.

ఆ రెండు ముక్కల రిపోర్టూ, రూట్ మైక్రో ఫోటోలూ వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.